బేస్ పేపర్ తెచ్చుకున్నారా, డాక్టరు గారూ?

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిచేవాళ్లకు తెలుసు, అక్కడ పాంప్లెట్లు పంచే కుర్రాళ్లు మొహం చూసి కోర్సు చెప్పేస్తారు. చేతిలో ఫైలు, కళ్లలో బెదురు ఉంటే ఫుల్ స్టాక్ జావా. పాసై మూడేళ్లయినా ఉద్యోగం రాని వాలకం కనిపిస్తే టెస్టింగ్ టూల్స్. కొత్త షూ, కొత్త ఫోన్ ఉంటే జెన్ ఏఐ. అదే జుట్టు కాస్త నెరిసి, జేబులో రెండు పెన్నులు, మెడలో ఇంజినీరింగ్ కాలేజీ ఐడీ కార్డు వేలాడుతుంటే మాత్రం పాంప్లెట్ ఇవ్వరు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "పీహెచ్‌డీయా సార్?" అంటారు.

మా సారు ఆ ప్రశ్నకు "అవును" అన్నాడు. నేను ఆయన వెంట తోడు వెళ్లిన పాపానికి ఈ కాలమ్ రాస్తున్నాను.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కంప్యూటర్ చదువుకి అమీర్‌పేటను మించిన విశ్వవిద్యాలయం లేదు. 1990ల చివర వైటూకే పుణ్యమా అని ఇక్కడ కోబాల్ నేర్చుకున్నవాడు అమెరికాలో తేలాడు. ఆ తర్వాత జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్, హడూప్ వచ్చాయి. ఏ కోర్సుకీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చోలేదు, సెనేట్ ఆమోదించలేదు. ఫ్లెక్సీ మారితే సిలబస్ మారినట్టే. ఉదయం 7 గంటల బ్యాచ్‌కి ఆలస్యంగా వస్తే నిలబడి వినాలి. ఇంత హాజరు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కడుంది చెప్పండి?

ఇక పంజాగుట్ట. అమీర్‌పేట నేర్పిస్తుంది, పంజాగుట్ట రాసిపెడుతుంది. బీటెక్ ఫైనలియర్ పిల్లలకి కోడు, డాక్యుమెంటేషన్, పీపీటీ, ఎక్స్‌ప్లనేషన్ కలిపి ప్రాజెక్టు చేతిలో పెట్టే గదులు ఈ రెండు సెంటర్ల మధ్య సందుల్లో బోలెడు. పైన ఇంకో అంతస్తు ఉంటుంది. బోర్డు మీద 'రీసెర్చ్ గైడెన్స్' అని ఉంటుంది. లిఫ్టు పనిచేయదు. డాక్టరేట్ అంటే ఆ మాత్రం శ్రమ పడాలి కదా. అదే సెంటర్లో నిమ్స్ ఆస్పత్రి కూడా ఉంది, అక్కడా డాక్టర్లు తయారవుతారు. కాకపోతే వాళ్లు రాత్రిళ్లు డ్యూటీ చేయాలి.

గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టీలు బీరువా. అద్దం వెనక నల్లటి, మెరూన్ రంగు హార్డ్ బైండింగులు, వాటి మీద బంగారు అక్షరాలు. కౌంటర్లో కూర్చున్నాయన నోట్‌బుక్ తెరిచి అడిగాడు.

"ఏ డొమైన్ సార్?"

"కంప్యూటర్ సైన్సండీ."

"అది బ్రాంచి. డొమైన్ అడుగుతున్నా."

సారు కాస్త ఆలోచించి, "ఏదైతే తొందరగా అవుతుందో అది" అన్నాడు.

"బేస్ పేపర్ తెచ్చుకున్నారా?"

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. బేస్ పేపర్ అంటే ఎవరో, ఎక్కడో, నిజంగా కష్టపడి రాసిన వ్యాసం. దాంట్లో ఒక అల్గారిథమ్ తీసి ఇంకోటి పెడితే మీ నవ్యావిష్కరణ తయారు. సారు తెచ్చుకోలేదు. "పర్లేదు, మేమే ఇస్తం" అన్నాడాయన. సినాప్సిస్, స్కోపస్ జాబితా పత్రికల్లో రెండు పేపర్లు, ఇంప్లిమెంటేషన్, థీసిస్, పోలిక రిపోర్టు, పీపీటీ, వైవా ట్రైనింగ్, అన్నీ కలిపి ప్యాకేజీ. రసీదు మీద 'ట్రైనింగ్ ఫీజు' అని రాస్తారు. రేటు ఇక్కడ రాయను. మా ఆఫీసులో కూడా ఒకరిద్దరు పార్ట్‌టైమ్ స్కాలర్లున్నారు, వాళ్ల బేరం చెడగొట్టడం నాకిష్టం లేదు.

మా సారు చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి డేటా స్ట్రక్చర్స్ చెప్తున్నాడు. ట్రీని బోర్డు మీద గీస్తే వెనక బెంచీ కూడా నిద్రలేస్తుంది. ఆయనకొచ్చిన కష్టమల్లా లెక్కల్లో ఉంది. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం 20 మంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడు. ఆ అధ్యాపకుల్లో 1:2:6 నిష్పత్తిలో ప్రొఫెసర్, అసోసియేట్, అసిస్టెంట్ ఉండాలి. కంప్యూటర్ సైన్స్‌లో 180 సీట్లున్న కాలేజీ అనుకోండి. నాలుగేళ్లకి కలిపి 720 మంది, 36 మంది అధ్యాపకులు. అందులో నలుగురు ప్రొఫెసర్లు, ఎనిమిది మంది అసోసియేట్లు. ఈ పన్నెండు మందికీ పీహెచ్‌డీ ఉండి తీరాలి. ఇక 2024 నుంచి బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితిని బాగా నడిచే కాలేజీలకి సడలించారు. సివిల్, మెకానికల్ గదుల్లోకి కూడా కంప్యూటర్ బెంచీలు వెళ్లిపోయాయి. ఇంతమంది డాక్టర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? యాజమాన్యం పిలిచి, "ఇన్‌స్పెక్షన్‌కి ముందు మీ పేరు ముందు డాక్టర్ చేరాలి, చేరకపోతే మీ పేరే తీసేస్తాం" అంది. పాఠం ఎలా చెప్తున్నావని ఆ మీటింగులో ఎవరూ అడగలేదట. అడగడానికి ఆ ఫారంలో గడి లేదు.

కౌంటరాయనకి యూజీసీ గెజెట్ కంఠోపాఠం. 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు ఒక జర్నల్ పేపరు, రెండు కాన్ఫరెన్సు పేపర్లు ఉండాలన్నారు. అప్పుడే గిరాకీ బాగుండేదట. 2017లో యూజీసీ ఆమోదిత పత్రికల జాబితా పెట్టింది. 2018 మే 2న అందులోంచి 4,305 పత్రికల్ని ఒక్కపూటలో పీకేసింది. "ఆ రోజు మా కాడ మూడు బ్యాచ్‌లు ఏడ్చినయ్ సార్" అన్నాడు కౌంటరాయన. తర్వాత కేర్ అని ఇంకో జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్ని కూడా ఎత్తేసి, కొలతలు ఇస్తున్నాం, పత్రికల్ని మీరే తూచుకోండి అంది. ఇంకో తమాషా ఉంది. పేపరు తప్పనిసరి కాదని యూజీసీ తేల్చిన నిబంధనలు 2022 నవంబర్ 7న వెలువడ్డాయి. అదే నెల 30న చాట్‌జీపీటీ వచ్చింది. పేపర్లు అడగడం మానేసిన నెలలోనే పేపర్లు రాసే యంత్రం దిగింది. సర్కారు టైమింగ్ ఎప్పుడూ అంతే. అయినా చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత నియమంగా పేపర్లు అడుగుతూనే ఉన్నాయి కాబట్టి పంజాగుట్ట దీపం ఆరలేదు.

పేపర్లు వేసే పత్రికల సంగతికొస్తే మన ఊరు ప్రపంచపటం మీదే ఉంది. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ గ్రూపు మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు పెట్టింది. పీర్ రివ్యూ చేయకుండానే చేశామన్నారని, ఫీజు సంగతి ముందు చెప్పకుండా దాచారని ఆరోపణ. 2019 మార్చిలో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. బిర్యానీ తర్వాత మన పేరు అంత గట్టిగా వినపడింది అప్పుడే. అలాగని తెల్లవాళ్లేమీ తక్కువ తినలేదు. 2005లో ముగ్గురు ఎంఐటీ కుర్రాళ్లు అర్థంపర్థం లేని కంప్యూటర్ సైన్స్ పేపర్లు రాసే ప్రోగ్రామ్ తయారుచేసి, దాని పేపరొకటి ఒక కాన్ఫరెన్సుకి పంపితే తీసుకున్నారు. సరదా అక్కడితో ఆగలేదు. 2014 నాటికి అలా పుట్టిన పేపర్లు 120కి పైగా స్ప్రింగర్, ఐఈఈఈ పుస్తకాల్లో తేలాయి. సిరిల్ లబ్బే అనే ఫ్రెంచి పరిశోధకుడు పట్టుకుంటే గానీ ఆ ప్రచురణ సంస్థలు తీసేయలేదు. అచ్చయ్యాక కూడా చదివినవాడు లేడన్నమాట.

టాపిక్ ఎంపిక దగ్గరికొచ్చాం. కౌంటరాయన ప్లాస్టిక్ తొడుగేసిన షీటొకటి ఇచ్చాడు. అది చూస్తే బహదూర్‌పురా జూపార్కు టికెట్ కౌంటర్ దగ్గరున్నట్టుంది. మిణుగురు (2008), కోకిల (2009), గబ్బిలం (2010), బూడిదరంగు తోడేలు (2014), తిమింగలం (2016), ఇంకా డేగ, తూనీగ, మిడత. ఇవన్నీ ఆప్టిమైజేషన్ అల్గారిథమ్‌లు. జంతువు వేటాడే, మసిలే తీరు చూసి సమాధానం వేటాడే పద్ధతి రాస్తారు. మొదట్లో ఇది గంభీరమైన పనే. చీమలు దారి వెతుక్కునే తీరు మీద మార్కో డోరిగో 1992లో మిలాన్‌లో ఇచ్చిన థీసిస్ అసలు సిసలు పరిశోధన. తర్వాత జంతువు మార్చి గణితం అటూ ఇటూ కదిపినవాళ్లు పుట్టుకొచ్చారు. కెన్నెత్ సోరెన్సన్ అనే ఆయన 2015లో ఈ జంతు ప్రదర్శన మీద ఒక వ్యాసంలో గట్టిగా దులిపాడు. ఆ వ్యాసం పంజాగుట్ట దాకా రాలేదు, వచ్చినా బేస్ పేపర్‌గా పనికిరాదు.

"మీకు తోడేలు-తిమింగలం హైబ్రిడ్ ఇస్త సార్. ఫ్రెష్‌గుంటది."

తోడేలు, తిమింగలం ఎక్కడ కలుసుకున్నాయని అడక్కండి. మ్యాట్‌ల్యాబ్‌లో కలుసుకున్నాయి. "యాక్యురసీ ఎంతొస్తుంది?" అన్నాడు సారు. "98.7 పెడదాం. వంద పెడితే డౌటొస్తది." మరి పోలిక శాతం, అదే ఇతరుల రాతల్లోంచి ఎత్తిన వాటా? యూజీసీ 2018 నిబంధన ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. 40 దాకా అయితే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 60 దాకా అయితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. "8 శాతం చేసిస్తం. సున్నా వచ్చినా డౌటే సార్."

ఆ ఎనిమిది శాతం ఎలా సాధిస్తారంటే, మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో తోసి తీస్తారు. ప్రపంచమంతా ఇదే చేస్తోంది. 2021లో గియోమ్ కబనాక్, లబ్బే, మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు వెతికితే, పేరున్న పత్రికలో కూడా ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయి కూర్చుంది. ఆ పేపరు ఎడిటరు దాటింది, రివ్యూయరు దాటింది. గైడు కూడా దాటే ఉంటాడు, పాపం. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మంది స్కాలర్లకి గైడుగా ఉండొచ్చు. ఎనిమిది థీసిస్‌లు చదివి మనిషి బతికి బట్టకట్టాలా?

ఇదే కుర్చీలో 1966 నాటి ఒక చిత్తూరు జిల్లా కుర్రాణ్ణి కూర్చోబెట్టి చూద్దాం. కాటూరు గ్రామంలో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి ఆ ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేశాడు. మనిషి మాటని కంప్యూటర్ గుర్తుపట్టాలన్నది విషయం. ఈ షాపు లెక్కలో ఆయన కేసు నిలవదు. బేస్ పేపర్ ఏదంటే చూపించలేడు. డౌన్‌లోడ్ చేసుకోవడానికి డేటాసెట్ లేదు. స్కోపస్ పుట్టడానికి ఇంకా దాదాపు నలభై ఏళ్లుంది. గది నిండే యంత్రం పట్టుకుని, ఏ కొన్ని మాటలో గుర్తుపడితే పండగ. యాక్యురసీ 98.7 అని రాసే ధైర్యం అసలే లేదు. 1994లో ఆయనకి ట్యూరింగ్ అవార్డు వచ్చిందంటే అది ఇచ్చినవాళ్ల అమాయకత్వం. ఇక్కడికొచ్చుంటే కౌంటరాయన, "ముందు ఫ్రీ డెమో అటెండవండి సార్" అని పక్క గదికి పంపేవాడు.

పక్క గది అంటే గుర్తొచ్చింది. కర్టెన్ వెనక చెవుల్లో హెడ్‌ఫోన్లతో ఒక కుర్రాడు కూర్చున్నాడు. ముందు రెండు స్క్రీన్లు, పక్కన చల్లారిపోయిన టీ. ఒక స్క్రీన్ మీద పేపరు, దాని అంచుల్లో పసుపు గుర్తులు, ప్రశ్నలు. ఆ బిల్డింగులో పేపరు చదువుతూ కనిపించిన ఏకైక ప్రాణి అతనే. ఎంటెక్ చేశాడు. పీహెచ్‌డీ ఎంట్రెన్సు పాసయ్యాడు, ఇంటర్వ్యూలో సీటు రాలేదు. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000 ఇస్తున్నారు కానీ అది అందరికీ రాదు. ఇంట్లో చెల్లెలి పెళ్లి ఆగదు. అందుకని ఇక్కడ చేరాడు. గైడుకి ఎనిమిది మందే అని పరిమితి ఉంది. ఈ కుర్రాడికి లేదు. ఇప్పుడు చేతిలో పదకొండు మంది డాక్టర్లున్నారట.

"బేస్ పేపర్లో ఈక్వేషన్ తప్పుంది సార్. నేను సరిచేశాను. దీంట్లో నిజంగానే ఒక విషయం ఉంది, చెప్పమంటారా?" అన్నాడు కళ్లు మెరుస్తుంటే. సారు వాచీ చూసుకున్నాడు. మూడింటికి ల్యాబ్ ఉంది. కౌంటరాయన, "ఎక్స్‌ప్లనేషన్ లాస్ట్‌ల ఉంటది తమ్మీ, అడ్వాన్స్ రానీ" అన్నాడు.

అడ్వాన్స్ ఫోన్‌పేలో వెళ్లింది. సారు లేచి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ కూర్చుని, "అన్నీ బానే ఉన్నాయి గానీ బాబూ, వైవాలో ఎక్స్‌టర్నల్ ఏమైనా లోతుగా అడిగితే?" అన్నాడు. మా సారు చెడ్డవాడు కాదని చెప్పాను కదా, ఆయన భయం కూడా నిజమైనదే.

"ఎవరు రావచ్చు సార్?"

సారు ఒక పేరు చెప్పాడు. కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, స్క్రీన్ మీద ఏదో ఫోల్డర్ తెరిచి, కిందికి జరుపుకుంటూ పోయాడు.

"ఆయన మన 2019 బ్యాచే సార్. గబ్బిలం. మీరు గబ్బిలాల జోలికి పోకండి, ఆయన తోడేళ్ల జోలికి రాడు."