క్యాంపు సారు

అనంతపురమున ఏ కార్యాలయపు మెట్లెక్కినను క్యాంపు సారొకడుండును. ఉండునన్నమాట ఆయన విషయమున కొంత అతిశయోక్తియే గాని, ఆయన కుర్చీ యుండును, కుర్చీ వీపున తెల్లని తువ్వాలుండును, బల్లమీది అద్దము క్రింద దేవుని పటములుండును, పైన పంకా తిరుగుచుండును. ఆయన మాత్రము క్యాంపులో నుండును. ఏ ఊరి క్యాంపు, ఏ పనికి క్యాంపు అని అడుగువాడు లోకజ్ఞానము చాలనివాడు.

ఈ మాటకు ఈ గడ్డమీద గొప్ప వంశచరిత్ర గలదు. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీవారికి ధారపోసిన పిమ్మట 1807 వఱకు వానికి ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో, అనంతపురమును ముఖ్యస్థానముగా నుంచుకొనియు, గుడారములలో కాపురముండి పల్లెపల్లెకు తిరిగి, రైతుల చేలు కొలిపించి శిస్తు నిర్ణయించెను. ఆ గుడారములు ఎప్పుడో చీకిపోయినవి. వాని పేరు మాత్రము మన సారునకు వారసత్వముగా సంక్రమించినది. దొరగారి గుడారము ఎండ నాపెను. సారుగారి గుడారము జనము నాపుచున్నది.

పూర్వము ఈ రెండవ గుడారమును మోసినవాడు గుమ్మము కడ స్టూలుమీద కూర్చుండు డఫేదారు. "యాడికి పోయినాడప్పా సారు?" అని యడిగినవానికి "క్యాంపుకు పోయినారు, సోమారం రా పో" అని చెప్పుటలో అతని కెదురు లేకుండెడిది. అతడు ముఖములు చదివిన పండితుడు. వచ్చినవాని పంచె తెలుపును, చేతిసంచి బరువును ఒక్కచూపున పరీక్షించి, సారు ఊరిలో నుండవలెనో ఊరు దాటవలెనో తానే నిర్ణయించెడివాడు.

కాలక్రమమున అర్జీలు మెయిలు రూపము ధరించి, గుమ్మము తొక్కకుండ నేరుగ లోపలికి రాజొచ్చెను. సారు కలతపడి, ఊరి ఇంజనీరింగు కళాశాలలో చదివి ఒప్పంద ఉద్యోగమున చేరిన యువకుని, కార్యాలయమంతయు కంప్యూటరు పిల్లోడని పిలుచు వానిని, రప్పించెను. ఆ కార్యాలయమున ఉద్యోగుల పేర్లన్నియు డైరెక్టరీ అనబడు చిట్టాలో శాఖోపశాఖలుగా అమర్పబడి యుండును. ఒక్కొక్కని పేరు క్రింద పదవి, మెయిలు చిరునామా, సంకేతపదము మొదలగువానితోపాటు సెలవునకు సంబంధించిన గడులు కొన్ని గలవు. ఆ గడులలో 'అవును' అని వ్రాసి, సందేశమును, ఆరంభ తేదీని, ముగింపు తేదీని నింపినచో, ఉత్తరము వచ్చినప్పుడెల్ల మెయిలు సర్వరు ఎల్‌డ్యాప్ అను మర్యాదననుసరించి ఆ చిట్టాను విచారించి, యజమాని ఊర లేడని తానే జవాబిచ్చును.

"ముగింపు తేదీ ఏమని పెట్టాల సార్?"

"దానికి ముగింపెందుకు నాయనా? ఖాళీగా ఉండనీ. ఇంకో మాట, పై ఆఫీసు నుంచి వచ్చేవాటికి ఈ జవాబు పోగూడదు. వాళ్లకు నేను సీట్లోనే ఉంటా."

పిల్లవాడు అట్లే అమర్చెను. తలపెట్టినచో అసాధ్యమేమియు లేదు. డఫేదారు కన్నులతో చేసినపనిని సర్వరు పంపినవాని చిరునామాను చూచి చేయును. అయితే సర్వరునకు సారునకు లేని సంస్కారము కొంత గలదని ఒప్పుకొనక తప్పదు. యాంత్రిక ప్రత్యుత్తరములు ఎట్లుండవలెనో 2004లో పెద్దలు నియమములు వ్రాసిరి: గుంపునకు వచ్చిన ఉత్తరమునకు పలుకరాదు, తన జవాబుమీద ఇది యాంత్రికమని ముద్ర వేయవలెను, అట్టి ముద్రగల ఉత్తరమునకు మాఱు పలుకరాదు, ఒకే మనుష్యునికి మాటిమాటికి చెప్పరాదు. 2008 నాటి మఱియొక నియమావళి ప్రకారము, వేరుగ చెప్పనిచో, ఒకనికి వారమున కొక్కసారి చెప్పిన చాలును.

ఈ సంస్కారమే కొంప ముంచినది. నైరుతి తన సర్వస్వమును పడమటి కనుమలకు సమర్పించి, ఈశాన్యము తీరమునందే చేతులు దులుపుకొని రాగా, ఏటికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానతో వేరుసెనగ పండించు రైతునకు, లేనివాని రాకకై కనిపెట్టుకొని యుండుట క్రొత్తగాదు. అట్టి రైతొకని కుమారుడు బెంగుళూరునుండి, పంటనష్టపు జాబితాలో తండ్రి పేరు లేదని మెయిలు వ్రాసెను. సారు క్యాంపులో నున్నారని తత్క్షణమే జవాబు వచ్చెను. మఱునాడు వ్రాసెను, మౌనము; ఆ మఱునాడు వ్రాసెను, మౌనమే. తండ్రి స్వయముగ వచ్చి, టీకై వసారాలోనికి వచ్చిన సారును పట్టుకొనెను.

"సామీ, మా పిల్లోడు మూడు తూర్లు రాస్తే మీ మిషను ఒగ తూరే పలికినంట. డఫేదారైతే వచ్చినప్పుడల్లా పలుకుతాండె."

జాబితా మాట సారు చెవికెక్కలేదు. మర్యాద మాట ఎక్కినది. తన గుమ్మమున పలుకువాడు లేడను అపకీర్తిని సహింపజాలక, వారపు నియమము తీసివేయుమని ఆజ్ఞాపించెను. పిల్లవాడు నసిగి నసిగి, వచ్చిన ప్రతి ఉత్తరమునకు పలుకునట్లు సొంతముగ ఒక స్క్రిప్టు వ్రాసి పెట్టెను.

మార్చి నెలలో ఒక శుక్రవారము సాయంకాలము, వేఱొక శాఖలోని సాటి క్యాంపు సారునకు మన సారు లేఖ యొకటి పంపి ఇంటికి పోయెను. అచటి యంత్రమును స్వహస్తరచితమే, ముద్ర వేయదు, ముద్ర చూడదు. అది 'క్యాంపులో నున్నారు' అనెను; ఇది 'ఇచటను క్యాంపులోనే యున్నారు' అనెను; అది మరల తన మాట చెప్పెను; ఇది మరల తన మాట చెప్పెను. మనుష్యుడొక్కడును లేని ఆ రెండు కార్యాలయములు శని ఆదివారములు రేయింబవళ్లు పరమ వినయముతో సంభాషించుకొని, సోమవారమునకు సర్వరు డిస్కు నిండించినవి.

పిల్లవాడు చెమటలు గ్రక్కుచు వచ్చి, పాత నియమము మరల పెట్టుదునని వేడుకొనెను. సారు అప్పుడు మాసాంతపు ప్రగతి నివేదిక పూరించుచుండెను. 'వచ్చిన ఉత్తరములు, జవాబిచ్చినవి, మిగిలినవి' అను గడులవంక, తెరమీది అంకెలవంక మార్చి మార్చి చూచి, కలము మూత తీసెను.

"తొందరేం లేదు నాయనా. మార్చి 31 దాటనీ, అప్పుడు తీసేద్దువు."