గేరుపెట్టె పద్యము – టీకా తాత్పర్యము

తే. డీకి మార్చ జాగొనరించి ఢీకొనినటు
దుముకు, ఱంకెలు వేసినఁ దూరమేది?
ఎఱ్ఱ నూనియ నలుపెక్కె, నేమి సేతు?
గేరుపెట్టెకు ముదిమిలోఁ గినుక యేల?

అవతారిక: డాలస్‌లో ఎమ్మెస్ చదువు నాయకుడు, సీనియర్ల చేతులు మారిన పాత ఆటోమేటిక్ సెడాన్‌ను కొని, క్లాసుకు వేళ మించుచుండగా అపార్టుమెంటు పార్కింగులో వాపోవుచున్నాడు.

ప్రతిపదార్థము: డీకిన్ = డ్రైవ్ గుర్తునకు; మార్చన్ = మీట జరుపగా; జాగు ఒనరించి = రెండు మూడు క్షణములు ఆలోచించి; ఢీకొనినటు = వెనుకబండి తాకినట్లు; దుముకున్ = గెంతును; ఱంకెలు వేసినన్ = ఆర్పీఎం ముల్లు పైకెగసినను; దూరము ఏది = మైళ్లు సాగవు; ఎఱ్ఱ నూనియ = ట్రాన్స్‌మిషన్ ఆయిల్; నలుపు ఎక్కెన్ = మాడెను; ఏమి సేతున్ = ఎవరిని అప్పడుగుదును; ముదిమిలోన్ = లక్షన్నర మైళ్లు దాటిన ప్రాయమున; కినుక ఏల = కోపమెందుకు?

తాత్పర్యము: బండి ఆలస్యముగా కదిలి కుదుపుచున్నది, అరచుచున్నది గాని పోవుట లేదు; మెకానిక్కు వద్దకు పోక తప్పదు.

విశేషములు: 1. ఱంకెలు అతిశయోక్తి యనరాదు, స్వభావోక్తియే. పద్యమున కారణమాలాలంకారము. క్లచ్ పలకలను బిగించునది నూనె పీడనమే. నూనె తగ్గినను, సీళ్లు గట్టిపడినను పీడనము వేళకు అందదు, అది జాగు. అందిన క్షణమున ఒక్కపెట్టున బిగియును, అది దుముకు. చాలినంత బిగియక జారును, అది ఱంకె. జారిన పలకల రాపిడికి నూనె మాడును, అది నలుపు. సాలినాయిడ్ (నూనె దారిని తెఱచి మూయు విద్యుత్ కవాటము) చెడినను జాగు, కుదుపు కలుగునని కొందఱందురు, అదియు గ్రాహ్యమే.

2. పూర్వపక్షము: ఇది "లైఫ్‌టైమ్" నూనె, మార్చ నక్కఱలేదు. సమాధానము: ఎవరి జీవితమో డబ్బాపై లేదు, నూనె బ్రతికినంతకాలమని గ్రహించునది.

3. ఇతిహాసము: 2004లో హోండా, రెండవ గేరు వేడెక్కి విరుగవచ్చునని, అమెరికాలో సుమారు 11 లక్షల వాహనములను వెనుకకు పిలిచెను. వానిలో వీ6 అకార్డ్ సెడాన్లును గలవు. తక్కువ మైళ్లు తిరిగినవానికి చేసిన చికిత్స, ఆ గేరుపై నూనె మఱింత పడునట్లు మార్చుటయే. కావున కవి నూనెను పద్యమధ్యమున నిలుపుట సమంజసము.

4. "ఏమి సేతు" అనుచోట ప్రెషర్ ఫ్లష్ (యంత్రపు ఒత్తిడితో పాత నూనెను కడిగివేయుట) అని తొందరపడరాదు. అరిగిన పెట్టెలో అడుగుమడ్డి లేచి సన్నని దారులకు అడ్డుపడవచ్చును. పాన్ విప్పి, కంపెనీ చెప్పిన నూనెనే పోయుట పెద్దల మార్గము.

ఫలశ్రుతి: నూనె ఎఱ్ఱగా నున్నప్పుడు దీనిని చదివినవారికి బండి మిగులును, నల్లబడిన పిదప చదివినవారికి పద్యమే మిగులును.