హొరైజన్ వంకరగా ఉంది సార్!

మన అమెచ్యూర్ ఫొటోగ్రాఫర్ల క్లబ్బుల్లో నెలకోసారి ఓ క్రతువు జరుగుతుంది. దాని పేరు కన్‌స్ట్రక్టివ్ ఫీడ్‌బ్యాక్. తెరమీద ఫొటో పడుతుంది. తీసినవాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. మిగతా సభ్యులు కుర్చీల్లో వెనక్కి వాలి, ఓ కన్ను మూసి, తల పక్కకు వంచి, చివరికి సెలవిస్తారు: "బాగుంది సార్, కాకపోతే హొరైజన్ కొంచెం వంకరగా ఉంది."

తెరమీద ఉన్నది బోనాల పోతురాజు. ఒంటినిండా పసుపు, చేతిలో గాలిని చీల్చే కొరడా, వెనక్కి తుళ్లుతున్న జనం. ఇంత హోరులో మన విమర్శకుడికి కనిపించింది వెనకున్న గోడ ఒక డిగ్రీ ఒరగడం. ఇలాంటి చూపు ఫొటో క్లబ్బులో వృథా అయిపోతోంది. రసమట్టం పట్టుకుని ఏ అపార్ట్‌మెంట్ కట్టేచోటో నిలబడితే నాలుగు గోడలైనా నిటారుగా లేచేవి.

హొరైజన్ సమంగా ఉంటే గండం గడిచినట్టు కాదు. ఏ ఫొటోకైనా పనికొచ్చే మాటలు కొన్ని మనవాళ్ల జేబులో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "కొంచెం ఎడమకు జరిగి తీసుంటే అదిరిపోయేది." ఆ ఎడమవైపు నుంచే సిటీ బస్సు వస్తోందని ఆయనకెవరు చెప్పాలి? "ఇంకా పొద్దున్నే తీయాల్సింది, లైట్ హార్ష్‌గా ఉంది." తీసింది మిట్టమధ్యాహ్నం కదిలిన రథాన్ని. దేవుణ్ని గోల్డెన్ అవర్‌కి రమ్మనాలి కాబోలు. అన్నిటికీ తలమానికం: "ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లో ట్రై చేయండి." ఈ సలహా దేనికిచ్చారనుకున్నారు? తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చిన బతుకమ్మకి!

ఇక రూల్ ఆఫ్ థర్డ్స్, అంటే సబ్జెక్టు మధ్యలో కాక మూడో వంతు దగ్గర ఉండాలన్న నియమం. సబ్జెక్టు నడిమధ్యన కనబడితే చాలు, క్లబ్బులో సగం మందికి ఊపిరాడదు. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు పల్లె దృశ్యాలు గీయడం గురించి పుస్తకం రాస్తూ, వెలుగు నీడల్ని, నేలనీ ఆకాశాన్నీ సగం సగం పంచకుండా ఒకటికి రెండు వంతులుగా పంచితే బాగుంటుందన్నాడు. అప్పటికి ఫొటో అన్నదే పుట్టలేదు. ఆ పెద్దమనిషి చేసిన సూచన మన దగ్గరికి వచ్చేసరికి శిక్షాస్మృతి అయింది. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ వీళ్ల మాట విని, "హుజూర్, కాస్త మూడో వంతుకు జరగండి" అని ఉంటే ఆ కొలువు ఎన్నాళ్లు నిలిచేదో!

రూళ్ల కర్రతో కొట్టేవాళ్లు ఒక వర్గమైతే, రెండోది "సూపర్ అన్నా" వర్గం. ఇది అచ్చంగా పెళ్లి చదివింపుల పద్దు. మా ఇంటి శుభకార్యానికి మీరు ఐదువందల పదహార్లు చదివిస్తే, మీ ఇంటికొచ్చి నేనూ అంతే చదివిస్తాను. మీ పిచ్చుకకు నేను "మైండ్ బ్లోయింగ్" అన్నాను కాబట్టి, నా సూర్యాస్తమయానికి మీరు "మాటల్లేవు గురువుగారూ" అని తీరాలి. నిజమే, ఆ సూర్యాస్తమయం గురించి ఎవరి దగ్గరా మాటల్లేవు. పద్దు తప్పినవాడి తర్వాతి ఫొటోలో మాత్రం హఠాత్తుగా నాయిస్ కనబడుతుంది. మధ్యేమార్గంగా ఇంకొకాయన ఉంటాడు. ఫొటో వంక చూడనే చూడడు, "ఏ లెన్స్ సార్?" అని అడిగి, జవాబు రాసుకుని, టీ తాగి వెళ్లిపోతాడు.

తప్పులు పట్టే ఈ జాతి చరిత్రలో కొత్తది కాదు. జూలియా మార్గరెట్ కామెరాన్ మన కలకత్తాలోనే 1815లో పుట్టింది. 48 ఏళ్ల వయసులో కూతురు కెమెరా కానుకగా ఇస్తే ఫొటోలు మొదలుపెట్టింది. ఆమె తీసిన ముఖాలు మెత్తగా, మసకగా ఉండేవి. ఫోకస్ రాదు, పనితనం లేదు అని నాటి ఫొటోగ్రఫీ పత్రికలు ఆమెను ఏకిపారేశాయి. ఇవాళ ఆ మసక ముఖాలను మ్యూజియంలు ప్రాణంగా చూసుకుంటున్నాయి. రాబర్ట్ ఫ్రాంక్ వేల ఫొటోలు తీసి, అందులోంచి 83 ఏరి 'ది అమెరికన్స్' పుస్తకం వేశాడు. 1959లో అది అమెరికాలో వెలువడగానే ఓ ప్రముఖ ఫొటోగ్రఫీ పత్రిక విమర్శకులు పట్టిన తప్పులేమిటో తెలుసా? మసక, గ్రెయిన్, ఒరిగిన హొరైజన్లు! అదే పుస్తకం తర్వాతి తరాల ఫొటోగ్రాఫర్లకు దారి చూపించింది. పాపం, మన క్లబ్బు సభ్యులకు వారసత్వం లేదని ఎవరనగలరు?

అలాగని మసక ఫొటోలన్నీ కళాఖండాలని కాదు. చేయి వణికిన ప్రతివాడూ రాబర్ట్ ఫ్రాంక్ అయిపోడు. వచ్చిన చిక్కల్లా, వీళ్లు తప్పు లెక్కపెడతారు గానీ ఆ తప్పు బొమ్మను చెడగొట్టిందా, నిలబెట్టిందా అని చూడరు. నిజంగా అడగాల్సినవేమో అడగరు. తెల్లవారుజాము వెలుగులో విసురువల గుండ్రంగా విచ్చుకున్న ఫొటోకి ఫుల్ మార్కులు పడతాయి. ఆ జాలరి చేపల కోసం విసిరాడా, ఫొటోవాక్ వాళ్లు డబ్బులిస్తే మళ్లీ మళ్లీ విసిరాడా? ఎవరూ అడగరు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూటిమీదున్న గూడబాతు ఫొటో చూసి "ఇంకా దగ్గరికెళ్లాల్సింది" అంటారు. దగ్గరికెళ్తే బెదిరిన తల్లి లేచిపోతుందనీ, గుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ దక్కుతాయనీ ఒక్కరూ అనరు. ఫ్రేము అంచున తెగిన రెక్క కొస మీద మాత్రం పావుగంట చర్చ.

మంచి ఫీడ్‌బ్యాక్‌కి బిరుదులు అక్కర్లేదు. నా కన్ను ముందు ఎక్కడ పడిందో చెప్పడం, తర్వాత ఎటు పోయిందో చెప్పడం, నువ్వు ఏం చూపించాలనుకున్నావని అడగడం. ఈ మూడూ చాలు. "తమ్ముడూ, నాకు ముందు ఆ నీలం ప్లాస్టిక్ కుర్చీ కనబడింది, బోనమెత్తిన అమ్మ తర్వాత కనబడింది" అని చూడండి. కుర్రాడు మరుసటి ఏడాది ఒక్క అడుగు పక్కకు వేసి నిలబడతాడు. అతను కుర్చీనే చూపించాలనుకున్నానంటే, నేర్చుకోవాల్సింది మనమేమో ఆలోచించవచ్చు. ఆ తర్వాత కావాలంటే హొరైజన్ సంగతి మాట్లాడుకోండి, రెండు సెకన్లలో సరిచేసే మీట ఫోన్‌లోనే ఉంది.

కాబట్టి పెద్దలారా, వచ్చే సమావేశంలో నోరు తెరిచే ముందు ఒక్క నిమిషం ఫొటో చూడండి. చూశాక చెప్పడానికి ఏమీ తోచకపోతే ఊరుకోండి. తీసినవాడికి అదీ మేలే.