సర్వరన్న

మే నెలలో హన్మకొండ చుట్టుపక్కల ఏ ఇంజినీరింగ్ కాలేజీకైనా వెళ్ళి చూడండి. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. వాచ్‌మన్ తలకు తడి తువ్వాల చుట్టుకుని చెట్టు కింద కూలబడి ఉంటాడు. ప్రిన్సిపాల్ గదిలో కూలర్ వేడిగాలిని అటునుంచి ఇటు తోస్తుంటుంది. అంతటి ఎండలో స్వెటర్ తొడుక్కుని కారిడార్లో నడిచే మనిషి ఒక్కడే కనబడతాడు. ఆయనే సర్వరన్న. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉంటుంది గానీ, ఆ రిజిస్టర్ రాసే క్లర్కు కూడా ఆయన్ని సర్వరన్న అనే పిలుస్తాడు.

కాలేజీ మొత్తానికి రాత్రీ పగలూ ఏసీ నడిచే గది సర్వర్ రూమే. అందుకే ఎండలు ముదిరేకొద్దీ స్టాఫులో లినక్స్ మీద జిజ్ఞాస పెరుగుతుంది. "అన్నా, గా మౌంట్ అంటే ఏందో జర చెప్పరాదే" అంటూ అకౌంటెంట్ కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. సర్వరన్న నిజంగానే చెప్పడం మొదలుపెడతాడు. అకౌంటెంట్ నిద్ర లేచాక మళ్ళీ మొదట్నుంచి చెప్తాడు.

సంగతి చిన్నదే. విద్యార్థి ల్యాబులో ఏ మూల కూర్చుని లాగిన్ అయినా తన ఫైళ్ళు తనకు కనబడాలి. ఫైళ్ళు ఉండేది సర్వర్లో. ల్యాబులోని మెషీన్లు వాటిని తమ సొంత సొత్తులా చూపిస్తాయి. లినక్స్ మెషీన్లకైతే ఎన్‌ఎఫ్‌ఎస్, ఆఫీసువాళ్ళ విండోస్‌కైతే సాంబా. మొదటిదాన్ని 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చింది. రెండోదానికి మూలం 1991 చివర్లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి, నెట్‌వర్క్ తీగ మీద పోయే డేటాను గమనించి రాసుకున్న ప్రోగ్రాం. సర్వరన్న చరిత్రలో రుద్రమదేవి తర్వాత వచ్చేది సన్ కంపెనీయే. నడుమ నిజాములున్న మాట ఆయనకు తెలుసు గానీ, వాళ్ళు ఫైళ్ళు ఎలా పంచుకున్నారో ఎక్కడా రాసిలేదు కాబట్టి పట్టించుకోడు.

విచిత్రమేమంటే, పంచడమే ఉద్యోగమైన ఈ మనిషికి పంచడమంటే ఒళ్ళు మంట. ఎవరైనా షేర్ అడిగితే మొదట పై నుంచి కింది దాకా చూస్తాడు. "చదువుతందుకా, రాస్తందుకా?" అని అడుగుతాడు. రాయడానికంటే, "ఏం రాస్తరు?" అంటాడు. వాళ్ళు ఏం రాస్తామన్నా చివరికి ఇచ్చేది చదివే హక్కే. స్కూటర్ పోయిన రోజున కూడా గొంతు పెంచని మనిషి, కొత్తగా చేరిన లెక్చరర్ ఒకాయన ఫోల్డర్ తెరుచుకోక విసిగి ఛ్‌మాడ్ ట్రిపుల్ సెవెన్ కొట్టిన రోజున మాత్రం ల్యాబు గుమ్మంలో నిలబడి, "ఎవడు పెట్టిండు? ఎవని ఇల్లనుకున్నడు?" అని అరిచాడు. ట్రిపుల్ సెవెన్ అంటే వచ్చేపోయే ప్రతివాడూ చదవచ్చు, రాయచ్చు, నడపచ్చు. లెక్చరర్ వారం పాటు క్యాంటీన్ వెనక దారిన తిరిగాడు.

ఆయన భయాలన్నిటిలోకి పెద్దది ఒక ఖాళీ. ఎన్‌ఎఫ్‌ఎస్ ఎవరికి ఏం పంచాలో చెప్పే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఐపీ అడ్రసూ, దాని వెంటే బ్రాకెట్లో హక్కులూ రాస్తారు. ఆ రెండింటి మధ్య పొరపాటున స్పేస్ బార్ తగిలిందా, అడ్రసులోని మెషీన్లకు చదవడమే మిగులుతుంది, రాసే హక్కు మిగతా లోకానికంతా పోతుంది. కాబట్టి ఆ ఫైలు మార్చిన ప్రతిసారీ స్క్రీన్ మీద వేలు పెట్టి అక్షరం అక్షరం నడిపిస్తాడు. పెళ్ళి శుభలేఖలు కూడా అలాగే చదువుతాడు. తమ్ముడి కార్డులో ముహూర్తానికీ ఏఎమ్‌కూ మధ్య ఖాళీ ఉందని ప్రెస్సుకు వాపసు పంపించాడని వాళ్ళింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

హోదాలంటే ఆయనకు లెక్కలేదనుకుంటారు. అది సర్వరన్న తప్పు కాదు, ఎన్‌ఎఫ్‌ఎస్ తత్వమే అంత. మామూలు పద్ధతిలో అది పేర్లు చూడదు, యూజర్ నంబరు చూస్తుంది. ఒకసారి ఫైనలియర్ కుర్రాడొకడు సొంత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకొచ్చి, ల్యాబు తీగ తగిలించి, షేర్ మౌంట్ చేశాడు. ఉబుంటులో మొదటి యూజరుకు దక్కే నంబరు 1000. సర్వర్లో ఆ నంబరు హెచ్చోడీ గారిది. కుర్రాడు ఏ పాస్‌వర్డూ దొంగిలించకుండానే హెచ్చోడీ అయిపోయాడు. ఏళ్ళుగా రెండో అధ్యాయం దగ్గరే ఆగి ఉన్న థీసిస్ మధ్యాహ్నానికల్లా హాస్టలంతా చదివేసింది. హెచ్చోడీ గారు ఊగిపోతూ వస్తే సర్వరన్న నిదానంగా, "సార్, దానికి మీ పేరు ఎర్కలేదు, మీ నంబరే ఎర్క" అన్నాడు. డాక్టరేట్ కోసం పాటుపడుతున్న మనిషితో అనాల్సిన మాటేనా? నంబరును నమ్మకుండా మనిషినే రుజువు అడిగే కెర్బెరోస్ పెడితే ఈ గొడవ తీరుతుంది. వచ్చే సెమిస్టర్లో పెడతానని ఆయన ప్రతి సెమిస్టర్లోనూ అంటాడు.

ప్రిన్సిపాల్ గారి సంగతి ఇంకా సున్నితం. "ఈ కాలేజీకి పెద్దను నేను, నాకు రూట్ ఇయ్యి" అని పట్టుబట్టారు. రూట్ అంటే లినక్స్‌లో సర్వాధికారి. సర్వరన్న కిమ్మనకుండా ఆయన మెషీన్లో రూట్ పాస్‌వర్డ్ ఇచ్చేశాడు. సర్వర్లో మాత్రం రూట్ స్క్వాష్ ఉంది; బయటి మెషీన్ల నుంచి రూట్‌గా వచ్చినవాళ్ళను అది అనామకుల్లో కలిపేస్తుంది. ప్రిన్సిపాల్ గారు అందరూ రాసుకునే ఫోల్డర్లో సర్క్యులర్ పెట్టి, యజమాని ఎవరా అని చూసుకుంటే ‘నోబడీ’ అని ఉంది. ఇది ఎవరి పని అని అడిగారు. "సిస్టం పని సార్" అన్నాడు. అబద్ధం కాదు కదా!

పరీక్షరోజున ఆయన్ని చూడాలి. కరెంటు పోతుంది, యూపీఎస్ కుయ్‌మంటుంది, కొత్త బ్యాటరీల ఫైలు ఆఫీసులో సంతకం కోసం పడుకుని ఉంటుంది, సర్వర్ కూలుతుంది. ల్యాబులో జనరేటర్ మీద మెషీన్లు వెలుగుతూనే ఉంటాయి గానీ ఒక్క ఫైలూ తెరుచుకోదు. తెర మీద ‘సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్’ అన్న మాట నిలబడిపోతుంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గడియారం చూసుకుంటాడు. "అన్నా, సాఫ్ట్ మౌంట్ పెడితే గింత సేపు ఆగకపోవు గదా?" అని అప్పుడే పుస్తకం తిరగేసిన కుర్రాడు అంటాడు. సర్వరన్న వాడి వైపు జాలిగా చూసి, "తమ్మీ, సాఫ్ట్ అంటే జర సేపు చూసి చేతులెత్తేస్తది. సగం రాసిన ఫైలు ఆగమైతది. హార్డ్ అంటే సర్వర్ లేచేదాక నిలబడ్తది. నిలబడు" అంటాడు. సర్వర్ లేస్తుంది. నిజంగానే ఎవరి ప్రోగ్రామూ పోదు, ఆగినచోటి నుంచే కదులుతుంది. ఆయన ముఖంలో ఆ ఐదు నిమిషాలు వెలిగే కాంతిని జీతం పెరిగిన రోజున కూడా ఎవరూ చూడలేదు. పెరిగిందని ఎవరూ చెప్పలేదనుకోండి.

2017 మేలో వానాక్రై పురుగు విండోస్ పాత షేరింగ్ పద్ధతిలోని కన్నంలోంచి దూరి, ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లను కూడా వదలనప్పుడు, ఈయన ఆ పద్ధతిని అంతకుముందే బంద్ చేసి ఉన్నాడు. ఆఫీసు పాత స్కానర్ అప్పట్నుంచే పనిచేయడం లేదు. కాలేజీలో అందరికీ గుర్తున్నది స్కానర్ సంగతే. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి కాలనీల్లోకి నీళ్ళొచ్చిన రాత్రి, కింది అంతస్తులోని సర్వర్ను భుజానెత్తుకుని మెట్లెక్కించినవాడూ ఈయనే. కొత్త స్కూటర్ను మర్చిపోయాడు.

ఇంట్లోనూ చిన్న సాంబా సర్వర్ ఉంది. పిల్లల పుట్టినరోజులు, మేడారం జాతర, భద్రకాళి గుడి ఫొటోలన్నీ అందులోంచి టీవీలోకి వస్తాయి. భార్యకు చదివే హక్కు, రాసే హక్కు. అత్తగారికి చదివే హక్కే. జాతరలో బంగారం, అంటే బెల్లం, ఎత్తుకుని నిలబడ్డప్పుడు కళ్ళు మూసుకుపోయిన తన ఫొటో ఒకటి తీసేయమని ఆమె దసరా నుంచి అడుగుతోంది. అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు లేదు కాబట్టి కూతురి ద్వారానే అడుగుతుంది. ‘తీసేసుడు అంటే రాసుడు కిందికే వస్తది, ఆమెకు గా పర్మిషన్ లేదు’ అని అల్లుడూ కూతురి ద్వారానే జవాబిస్తాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఆమె ఫోను పైకెత్తి చూపించింది.

"నీ మొగనికి చెప్పు బిడ్డా. గీ ఫొటో జాతరనాడే ఆయనే ఫ్యామిలీ గ్రూపుల ఏసిండు. జమ్మికుంట మా మరదలు దాన్ని ఇంకో మూడు గ్రూపులకు పంపింది. గా టీవీకి తాళమెందుకంటనో అడుగు."

సర్వరన్న స్వెటర్ తొడుక్కుని కాలేజీకి బయల్దేరాడు. ఆ రోజు సెలవు.