గుట్టుగా ఆడుకుంటే పోయేదానికి

మా రోజుల్లో ఆటగాడి పని బంతి తన్నడం, మా పని గొంతు చించుకోవడం. అంతటితో లెక్క సరి. ఆటయ్యాక అతగాడు ఎవరితో సినిమాకెళ్లాడు, ఎవరి మీద మనసుపడ్డాడు అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. పేపర్లో మ్యాచ్ సంగతి నాలుగు లైన్లు వచ్చేది. ఫొటో పడితే అందులో ఉన్నది గోల్‌కీపరో గోల్‌పోస్టో పోల్చుకోవడానికి కళ్లజోడు వెతుక్కునేవాళ్లం. మీకలా కుదరదు కదా నాయనా! ఆటగాడు పొద్దున్నే ఏం తాగాడో తెలియాలి, వాడి కుక్క పేరేమిటో తెలియాలి. వాళ్లూ మీకు తగ్గవాళ్లే, అడక్కుండానే అన్నీ చెబుతారు.

2013 ఫిబ్రవరిలో ఒకాయన చెప్పాడు చూడు, రాబీ రోజర్స్ అని, అమెరికా కుర్రాడు. అప్పటికి పాతికేళ్లవాడు. ఇంటర్నెట్లో ఓ ఉత్తరం పెట్టాడు: నేను గే, నేను ఫుట్‌బాల్ మానేస్తున్నాను అని. ఒకే ఉత్తరంలో రెండు పిడుగులు. మా మనవరాలు చదివి వినిపిస్తే, మొదటి ముక్క సరే, రెండోది ఎందుకే అన్నాను. "అదే కదా తాతయ్యా అసలు ప్రశ్న" అని నన్నేదో పెద్ద సంస్కర్తని చూసినట్టు చూసింది. నా బాధ వేరు. ఎడమ పక్క పరుగెత్తేవాడు దొరకడమే గగనం. దొరికినవాడు ఉత్తరం రాసేసి ఇంటికెళ్లిపోతానంటే ఎవడికైనా కడుపు మండదూ?

పైగా ఆషామాషీ ఆటగాడా? 2005లో మేరీల్యాండ్ యూనివర్సిటీకి ఆడి కాలేజీ ఛాంపియన్‌షిప్ కొట్టాడు. కొలంబస్ క్రూ జట్టుతో 2008లో ఎంఎల్‌ఎస్ కప్పు. అదే ఏడు బీజింగ్ ఒలింపిక్స్. 2011 ఆగస్టులో క్లిన్స్‌మన్ అమెరికా కోచ్‌గా వచ్చిన మొదటి మ్యాచ్, ఎదుట మెక్సికో, జట్టు ఒక గోలు వెనకబడి ఉంది. మధ్యలో దిగి స్కోరు సమం చేసింది ఈ కుర్రాడే. ఆ తర్వాత ఇంగ్లండ్ మోజులో పడి లీడ్స్‌కు వెళ్లాడు. అక్కడ పట్టుమని పది మ్యాచ్‌లు కూడా ఆడింది లేదు. స్టీవనేజ్‌కు అప్పిచ్చారు, వెనక్కి తెచ్చుకున్నారు, చివరికి పొమ్మన్నారు. ఇన్నాళ్లూ డ్రెస్సింగ్ రూములో తోటివాళ్లు వేసే కుళ్లు జోకులకు తనూ నవ్వుతూ కూర్చున్నాడట. ఆ నవ్వు మోయలేకే మానేశాడని తర్వాత తెలిసింది.

మా రోజుల్లో ఇలాంటి గొడవలు లేవు అనబోయి ఆగాను. ఎందుకంటే జస్టిన్ ఫషాను మా రోజులవాడే.

ఆ పేరు మీకు తెలియదులే. మీకు నిన్న మొన్నటి సంగతులే తెలియవు. 1980 ఫిబ్రవరిలో నార్విచ్ మైదానం, ఎదుట లివర్‌పూల్. ఫషానుకు పందొమ్మిదేళ్లు కూడా నిండలేదు. పెనాల్టీ బాక్సు బయట, గోలుకు వీపు పెట్టి నిలబడ్డాడు. వచ్చిన బంతిని కుడికాలితో సుతారంగా గాలిలోకి లేపి, గిర్రున తిరిగి, అది కింద పడేలోగా ఎడమకాలితో ఒక్కటిచ్చాడు. వెళ్లి వల మూలన పడింది. గంతులెయ్యలేదు, బట్టలు చింపుకోలేదు. ఒక్క వేలు పైకెత్తాడంతే. ఇప్పటివాళ్లయితే పెనాల్టీ కొట్టినా అరగంట నాట్యమాడతారు. బీబీసీ ఆ ఏటి మేటి గోల్ అదేనంది. మ్యాచ్ మాత్రం నార్విచ్ 5-3 తేడాతో ఓడిపోయింది, అది వదిలెయ్.

మరుసటి ఏడే నాటింగమ్ ఫారెస్ట్ వాళ్లు పది లక్షల పౌండ్లు పోసి కొనుక్కున్నారు. ఒక నల్లజాతి ఆటగాడికి అంత ధర పలకడం ఇంగ్లండ్‌లో అదే మొదలు. అక్కడ మేనేజర్ బ్రయాన్ క్లఫ్. క్లఫ్ అంటే మాకు దేవుడు. క్రమశిక్షణంటే అదీ అనేవాళ్లం. ఈ కుర్రాడు గే క్లబ్బులకు వెళ్తున్నాడని చెవిన పడేసరికి ఆ దేవుడు ప్రాక్టీసుకు రావద్దన్నాడు. వస్తే పోలీసుల్ని పిలిపించి బయటికి పంపించాడు. 1990లో ఫషాను తనే ఓ పత్రికలో బయటపడ్డాడు. ఇంగ్లండ్‌లో వృత్తి ఆటగాడెవరూ అంతకుముందు ఆ మాట అనలేదు. సొంత తమ్ముడే వీడు నాకేమీ కాడన్నాడు. స్టాండ్లలో జనం ఏమన్నారో రాస్తే సంపాదకుడు నన్ను గుమ్మం తొక్కనివ్వడు. ఊరూరా జట్లు మారుతూ తిరిగాడు. 1998లో అమెరికాలో తన మీద ఓ లైంగిక ఆరోపణ కేసు వచ్చాక, లండన్‌లో 37 ఏళ్లకే ప్రాణం తీసుకున్నాడు.

చూశావా, మా రోజుల గొప్ప చెబుదామని కూర్చుంటే కలం ఎటు పోయిందో!

సరే, మన సంగతికొద్దాం. రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆ కబుర్లు వింటూ పెరిగినవాళ్లం మేం. మా ముసలి బ్యాచ్‌ని కదిపితే ఒక్కటే మాట, అప్పట్లో మన మైదానాల్లో ఇలాంటివాళ్లే లేరండీ అంటారు. ఏళ్ల తరబడి ఊరికి పది జట్లు, జట్టుకు పదకొండు మంది. అందులో ఒక్కడూ లేడట! లెక్కలు వచ్చినవాడివి, నువ్వే చెప్పు. ఎవరూ చెప్పలేదు కాబట్టి లేరనుకోవడం మాకు సుఖంగా ఉండేది. మరి చెబితే నెత్తిన 377వ సెక్షన్ ఉండేది. 1860లో తెల్లవాడు రాసిపెట్టిపోయిన దాన్ని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న సరిదిద్దింది. మరుసటి ఏడు ద్యుతీ చంద్ బయటికొచ్చి, నేను ప్రేమించింది ఒక అమ్మాయిని అని చెప్పేసింది. ఒడిశా పిల్లే గానీ పరుగులో రాటుదేలింది మన హైదరాబాద్‌లో. ఇంట్లోవాళ్లే అడ్డం తిరిగారు. మా తరం అన్నిచోట్లా ఒకేలా తగలడిందిలే.

మళ్లీ రోజర్స్ దగ్గరికి. మానేశానన్నవాడు పోర్ట్‌ల్యాండ్‌లో తనలాంటి కుర్రకారు సభకు వెళ్లాడు. ఇంత చిన్నపిల్లలు ధైర్యంగా నిలబడుతుంటే నేను పారిపోయానే అని సిగ్గుపడి మళ్లీ బూట్లు కట్టాడు. లాస్ ఏంజెలిస్ గ్యాలక్సీ తీసుకుంది. ఆ బేరం చూడు! అతని హక్కులు షికాగో దగ్గరుంటే, బదులుగా మైక్ మగీని ఇచ్చేశారు. ఆ మగీ ఆ ఏడాది లీగు మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు. మా రోజుల్లో సంతలో దూడను కొన్నా ఇంతకన్నా నోరు పట్టి చూసి కొనేవాళ్లం.

2013 మే 26, ఎదుట సియాటిల్. 77వ నిమిషంలో రోజర్స్ దిగాడు. అమెరికాలో పెద్ద లీగుల్లో తాను గే అని చెప్పి మైదానంలోకి దిగిన మొదటి మగాడు. ఏం గొడవ జరుగుతుందో అని నేను ఫోనుకు కళ్లప్పగించి చూశాను. జనం లేచి చప్పట్లు కొట్టారు. అతను బంతి అందుకుని పక్కవాడికి ఇచ్చాడు. మళ్లీ అందుకున్నాడు, మళ్లీ ఇచ్చాడు. గ్యాలక్సీ 4-0తో గెలిచింది. అంతా అయిపోయింది. దీనికా నా నిద్ర చెడగొట్టుకున్నది! ఆకాశం విరిగి పడుతుందని మేం దాచిపెట్టిన రహస్యం ఇంత చప్పగా ఉంటుందని ఎవరనుకున్నారు? తర్వాత అతన్ని వెనక్కి జరిపి లెఫ్ట్ బ్యాక్ చేశారు. 2014లో ఆ స్థానంలోనే ఆడి ఇంకో కప్పు కొట్టాడు.

ఇప్పుడిక వరస మొదలైంది. 2021లో ఆస్ట్రేలియాలో జోష్ కవాలో, 2022లో బ్లాక్‌పూల్ కుర్రాడు జేక్ డేనియల్స్, మరుసటి ఏడు చెక్ ఆటగాడు యాంక్టో. డేనియల్స్‌కు అప్పటికి పదిహేడేళ్లు. ఆ వయసులో మేం పరీక్ష తప్పిన సంగతే ఇంట్లో చెప్పలేకపోయేవాళ్లం. వీళ్లకు ఇంద్రధనుస్సు రంగుల లేసులొకటి. మా కాలంలో లేసులన్నిటికీ ఒకటే రంగు, బురద. కవాలోను మెల్‌బోర్న్‌లో ప్రేక్షకులు తిట్టారని ఆ క్లబ్బుకు జరిమానా వేశారట. తిట్టుకింత అని మా రోజుల్లో వసూలు చేసుంటే మా స్టాండు స్టాండంతా ఇళ్లు తాకట్టు పెట్టుకునేది. నేను రెండిళ్లు పెట్టేవాణ్ని.

ఇంతకీ రోజర్స్ ఆట ఎలా ముగిసిందంటావ్? పత్రికలు పీక్కుతినలేదు, మేనేజర్ పోలీసుల్ని పిలవలేదు. చీలమండ దెబ్బతింది, ఆపరేషన్లయినా కుదురుకోలేదు, 2017లో మానేశాడు. వేలమంది ఆటగాళ్లు మానేసినట్టే మానేశాడు. ఫషానుకు అంత మామూలు ముగింపు దక్కలేదు. కానీ నాయనా, ఆ బూట్లు చూశావా, అట్టముక్కల్లా ఉంటాయి, చీలమండకు ఆసరా ఎక్కడ? 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఫ్రాన్స్ మీద ఆడారు, తెలుసా? రెండు పెనాల్టీలు పోగొట్టి 2-1తో ఓడారనుకో, అది వేరే సంగతి.