తోపుడురథ విజయం

ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని మన ఆలంకారికులు శాసించారు. నగరం, సముద్రం, కొండ, ఋతువులు, సూర్యోదయం, జలక్రీడ, విరహం, మంతనం, ప్రయాణం, యుద్ధం, నాయకుడి అభ్యుదయం వగైరా. రాజుల కథల్లో ఇవన్నీ ఇరికించడానికి కవులు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇల్లు కదలని రాజును కూడా దండయాత్రకు పంపారు. నా పడుచు రోజుల్లో బెజవాడలో నాకో పాత కారుండేది. దాన్ని సందులోంచి బయటికి తీస్తే చాలు, సాయంత్రానికల్లా ఆ పద్దెనిమిదిలో ముప్పాతిక భాగం వాటంతటవే జరిగిపోయేవి. పుత్రోదయ వర్ణన కూడా ఓసారి ఆసుపత్రి దారిలో వెంట్రుకవాసిలో తప్పింది.

కనుక ఆ రథం కథ ప్రబంధ ఫక్కీలోనే చెప్పాలి.

ముందు ఇష్టదేవతా ప్రార్థన. విఘ్నాలు తొలగించే వినాయకుణ్ని డాష్‌బోర్డు మీద అంటించాం. కళ్లెదుటే అంత పని ఆయనకు ఇంకే కొలువులోనూ దొరికి ఉండదు. తరవాత పూర్వకవి స్తుతి. నాకు ముందు ఆ రథాన్ని ఏలిన మహానుభావుల పేర్లు ఆర్సీ పుస్తకంలో వరసగా ఉండేవి. మొదటాయన డాక్టరు, వానాకాలంలో వెనక సీటు టింక్చరు వాసన వేసేది. ఆ తరవాతి ఆయన కాంట్రాక్టరు. డిక్కీ మూలల్లో సిమెంటు గడ్డకట్టి, రథానికి అదనపు బలం చేకూర్చింది. ఆ సిమెంటును కదపొద్దనీ, కదిపితే డిక్కీ దానితోపాటే వస్తుందనీ అమ్మినవాళ్లే చెప్పారు. ఇక కుకవి నింద స్థానంలో కుమెకానిక్ నింద. ఇంజను విప్పి, మళ్లీ బిగించి, చేతిలో మిగిలిపోయిన రెండు నట్లు చూపించి, "ఇవి అక్కర్లేదండీ, కంపెనీవాడు ఊరికే ఎక్కువ పెడతాడు" అన్న ప్రతి శిల్పికీ దూరం నుంచే దండం.

వంశ వర్ణన. ఆ రోజుల్లో మన రోడ్ల మీద ప్రధానంగా మూడు వంశాలు. కలకత్తా దగ్గర ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్స్ వారింట పుట్టిన అంబాసిడర్‌ది ఒకటి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మూలపురుషుడు. 1950ల చివర్లో అవతరించి, 2014 దాకా పుడుతూనే వచ్చింది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారింట పుట్టి, 1089 సీసీ ఇంజనుతో తిరిగి, 1970లలో పద్మిని పేరు ధరించిన ఫియట్‌ది రెండోది. మద్రాసులో స్టాండర్డ్ వారింట పుట్టిన హెరాల్డ్‌ది మూడోది. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి తపస్సు చేయాల్సిన కాలం అది. ఇంతలో 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు యజమానికి అందాయి. 796 సీసీల ఆ వామనమూర్తి మూడడుగులు వేసి మూడు వంశాల నెత్తి మీదా కాలు పెట్టి, పాత కార్ల ధరలను మెల్లగా పాతాళానికి తొక్కాడు. ఆ పాతాళంలోనే నాబోటి కొత్త ఉద్యోగికి రథయోగం పట్టింది. మా నాయకుడు ఆ మూడింటిలో ఏ వంశంవాడో మాత్రం చెప్పను. దోషాలు ఏకరువు పెట్టబోతూ గోత్రం బయటపెట్టడం మర్యాద కాదు.

రథ వర్ణనకు వాడుకభాష చాలదు. అందుకని ఒక్క వచనం:

తుప్పు తినగా మిగిలిన తలుపులును, ఎండ తినగా మిగిలిన రంగును, ఒకటి మార్గమును మఱియొకటి నక్షత్రమండలమును పరికించు దీపయుగళంబును, అరచేతులు రెండు నానించి పైకి జరుపవలసిన కిటికీ యద్దంబును, కూర్చున్నవారి పాపంబులకు దగిన శిక్ష నప్పటికప్పుడే విధించు స్ప్రింగులుగల యాసనంబును, నిలిచినను పరుగిడినను నలువదికడనే నిలిచి స్థితప్రజ్ఞత్వంబు చాటు వేగసూచికయును, కాళ్లక్రింది చిల్లుగుండ గడచిపోవుచు గానవచ్చు భూమండలంబును గలిగి, చూపఱకు జాలియు, పోలీసులకు ననుమానంబును, మెకానిక్కులకు నాశయుం గొలుపుచు మద్రథంబు మెఱయుచుండె.

ఇక సూర్యోదయం. చలికాలం పొద్దున్నే దాన్ని లేపడం సుప్రభాత సేవే. ముందు చోక్ సగం లాగాలి. పూర్తిగా లాగితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి. లాగకపోతే లోపల మంట పుట్టదు. తరవాత సెల్ఫ్ కొట్టాలి. అది మూలిగి ఊరుకుంటే, బానెట్ ఎత్తి జాకీ రాడ్డుతో సెల్ఫ్ మోటారు నెత్తిన రెండు తట్టాలి. లోపల అతుక్కుపోయిన బ్రష్షులు కదిలి మళ్లీ కరెంటు అందుకుంటాయి. దానికీ లొంగకపోతే హ్యాండిల్ రాడ్డు. దాన్ని పట్టుకోవడంలో ఒక గురూపదేశం ఉంది. బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి తప్ప రాడ్డు చుట్టూ బిగించకూడదు. ఇంజను ఎదురు తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. ఈ రహస్యం తెలియక కట్టు కట్టించుకుని తిరిగిన వీరులు ప్రతి పేటలోనూ ఉండేవారు.

ఈ అస్త్రాలన్నీ వమ్మయినప్పుడు సేనా వర్ణన వస్తుంది. శాస్త్రం ప్రకారం చతురంగ బలాల్లో రథబలం వేరు, పదాతిబలం వేరు. మా వీధిలో రెండూ ఒకటే. కిళ్లీకొట్టు అబ్బాయి, పాలు పోసి పోతున్న ఆసామి, ట్యూషనుకు వెళుతున్న కుర్రకారు, ఎదురింటి లుంగీ పెద్దాయన అంతా వెనక చేరేవారు. నేను సెకండ్ గేరులో వేసి, క్లచ్ తొక్కి పట్టుకునేవాణ్ని. రథం పరుగందుకోగానే క్లచ్ వదిలితే, ఇంజను దగ్గి, తుమ్మి, నల్లటి పొగను సేన మొహాన ఊది లేచేది. అప్పుడు ఆగి కృతజ్ఞత చెప్పడానికి వీల్లేదు. ఆగితే మళ్లీ మొదటికే. అందుకని కిటికీలోంచి చెయ్యి ఊపుతూ సాగిపోయేవాణ్ని. మసి మొహాలతో వాళ్లూ చేతులూపేవారు. ఏ చక్రవర్తికీ తన సైన్యం అంత ఉచితంగా వీడ్కోలు చెప్పి ఉండదు.

ఇక ప్రయాణమూ, యుద్ధమూ. ఓ ఏడు రోహిణీ కార్తెలో మా పెద్దమావయ్యకు మంగళగిరి మొక్కు గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు దుర్గమ్మ దర్శనం కూడా చేసుకుందామన్నాడు. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. కర్ణుడికి శల్యుడు పగ్గాలు పట్టుకుని తిట్టాడు. మా శల్యుడు పగ్గాల బాధ్యత కూడా లేకుండా ఎడమ పక్కన తీరిగ్గా కూర్చుని తిట్టేవాడు.

"ఏరా అల్లుడూ, ఇది కారా, కర్మా? మా ఊళ్లో ఎడ్లబండికి కూడా ఇంతకంటే బుద్ధుంటుంది. ఎడ్లు కనీసం మాట వింటాయి!"

సముద్ర వర్ణన కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజి పొడవు 1223 మీటర్లు. సరిగ్గా దాని మధ్యకు రాగానే రథం నిలిచిపోయింది. చక్రం ఏ నేలలోనూ దిగబడలేదు, ఏ శాపమూ లేదు. ఎండకీ ఇంజను వేడికీ గొట్టంలోని పెట్రోలు మరిగి ఆవిరైపోయింది. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. ట్యాంకులో పెట్రోలు ఉండీ ఇంజను ఉపవాసం. దీన్ని మెకానిక్కులు ఎయిర్ పట్టేసిందనేవారు. విరుగుడు ఒక్కటే, తడిగుడ్డ. పంపు మీదా గొట్టం మీదా తడిగుడ్డ చుట్టి, అది చల్లబడేదాకా కూర్చోవాలి. గుడ్డ కోసం వెతుకుతూ ఉంటే నా చూపు మావయ్య జరీ కండువా మీద పడింది. ఆయన చూపు నా మీద పడింది. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తరవాత ఆయనే కండువా తీసి, డబ్బాలోని నీళ్లతో తడిపి, నాకంటే నేర్పుగా పంపుకు చుట్టాడు. చుడుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. పక్కనుంచి పోయే లారీలవాళ్లు వేగం తగ్గించి, "గట్టిగా చుట్టండి బాబాయ్!" అని ఉత్సాహపరిచారు.

మంగళగిరిలో పానకాలస్వామి మహిమ తెలియనివాళ్లు లేరు. పోసిన పానకంలో సగం స్వీకరించి, సగం భక్తులకు వదులుతాడు. మా రథానికి అంతటి ధర్మం తెలియదు. రేడియేటరు బిందెలకు బిందెలు తాగేది, సగం కింది చిల్లులోంచి నేలకు వదిలేది, మిగతా సగం ఆవిరి చేసి మన మొహాన కొట్టేది. మరుగుతున్నప్పుడు మూత తియ్యకూడదన్నది ఆ కాలపు వేదవాక్యం. తీసినవాడికి వేడినీటి అభిషేకం తప్పదు. కొండ కింద ఒక లారీ డ్రైవరు వచ్చి చూసి, చిల్లు పూడటానికి రేడియేటరులో పసుపు పొయ్యమన్నాడు. మొక్కు సామగ్రిలో ఉన్న పసుపంతా రథం కడుపులోకి పోయింది. కారు కొన్నప్పుడు బానెట్‌కు పసుపు రాశాం. ఆ రోజుతో లోపలా బయటా సుమంగళి అయింది. మావయ్య మెట్లెక్కి దర్శనం చేసుకొచ్చి, "స్వామి సగం తాగాడ్రా, నీ కారు మొత్తం తాగింది" అని తీర్పు చెప్పాడు.

సాయంత్రం ఇంద్రకీలాద్రి. అర్జునుడు తపస్సు చేసి శివుణ్ని మెప్పించి పాశుపతాస్త్రం సంపాదించిన కొండ అదేనని స్థలపురాణం. ఆయన కాలినడకన వచ్చాడు గనక గెలిచాడు. ఘాట్ రోడ్డు వంపు తిరిగాక మాకు ఫస్ట్ గేరు కూడా చాల్లేదు. రథం ముందుకు పోనంటూ, వెనక్కి మాత్రం ఎంతో సుముఖత చూపించింది. హ్యాండ్ బ్రేకు అలంకారప్రాయం. "రాయి! రాయి!" అని నేను కేక పెట్టేలోపలే మావయ్య తలుపు తీసుకుని దూకి, పంచె ఎగ్గట్టి, రెండు చేతులా బండరాయి ఎత్తి వెనక చక్రానికి అడ్డం వేశాడు. ఆ క్షణంలో ఆయన వయసు నాకు గుర్తు రాలేదు. ఆయనకీ వచ్చినట్టు లేదు. ఆ పైన నాలుగు బారలు ఎక్కడం, రాయి వెయ్యడం. మళ్లీ నాలుగు బారలు, మళ్లీ రాయి. దర్శనానికి నడిచి వెళుతున్న జనమంతా "జై దుర్గా" అంటూ తోశారు. పైకి చేరాక మొక్కు మావయ్యది, మసి భక్తులది, విజయం నాది.

జలక్రీడ గురించి క్లుప్తంగా చెప్పుకోవాలి. వానలో వైపరు ఆగితే దానికి తాడు కట్టి, రెండు కొసలూ రెండు కిటికీల్లోంచి లోపలికి తెచ్చి, చిలికినట్టు అటూ ఇటూ లాగేవాళ్లం. అమృతం రాలేదు, తాడు వెంట నీళ్లు మాత్రం ఒళ్లోకి వచ్చాయి.

విరహం ఎక్కువగా ఆటోనగర్‌లో. అక్కడ మా మేస్త్రీ ధన్వంతరి. ఇంజను చప్పుడు వినీ వినగానే, "బోరుకొచ్చింది సార్, ఓవరాయిలింగ్ చెయ్యాలి" అనేవాడు. ఎప్పుడిస్తావంటే ఆయన కాలమానంలో ఒకటే రోజు ఉండేది, రేపు. ద్వాపరంలో బాలకృష్ణుడు శకటాసురుణ్ని కాలితో తన్ని చంపాడు. మా మేస్త్రీ మా శకటాన్ని సరిగ్గా ఒకే చోట కాలితో తన్ని బతికించేవాడు. ఆ చోటు ఏదో ఎంత అడిగినా చెప్పలేదు. వృత్తి రహస్యం.

ఇప్పుడు నాకున్న కారుకు తాళంచెవి కూడా తిప్పక్కర్లేదు, మీట నొక్కితే లేస్తుంది. ఎండలో ఆగదు, కొండ మీద వెనక్కి జారదు. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే నేను దీన్నే నమ్ముతాను. కావ్యాల కోసం ఎవరూ ప్రాణాల మీదికి తెచ్చుకోరు. కానీ దీని బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. రోగం వస్తే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. మెకానిక్కు కంప్యూటరు తగిలించి, అది చెప్పిన అంకె చదువుతాడు. దీపంతో ఏ వీరుడు యుద్ధం చేస్తాడు? ఆ పాత రథంలో శత్రువు చేతికి అందేవాడు. పాయింట్లకు మసిపడితే గరుకుకాగితంతో రుద్దేవాళ్లం, ప్లగ్గు తడిస్తే విప్పి ఆరబెట్టేవాళ్లం, దేనికీ లొంగకపోతే నలుగురం కలిసి తోసేవాళ్లం. రోజంతా ఆఫీసులో ఫైళ్లు రాసుకునేవాడికి పరాక్రమం చూపించే చోటు అదొక్కటే.

చివరిది నాయకాభ్యుదయం, అంటే కారు అమ్ముడుపోవడం. భారతంలో యుద్ధం ముగిశాక కృష్ణుడు ముందు అర్జునుణ్ని రథం దిగమంటాడు. ఆయనా దిగగానే రథం భగ్గున కాలి బూడిదైపోతుంది. ద్రోణుడి అస్త్రాలకూ కర్ణుడి అస్త్రాలకూ అది ఎప్పుడో కాలిపోవలసిందేననీ, తాను కూర్చుని ఉండబట్టే నిలిచిందనీ కృష్ణుడు అప్పుడు చెబుతాడు. మా రథాన్ని బియ్యం వ్యాపారి ఒకాయన కొన్నాడు. నా చేతుల్లో లక్షణంగా లేచింది, ఆయన కళ్ల ముందే సందు దాటింది. కొన్నాళ్లకే ఆయన మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"మాస్టారూ, మీ దగ్గరున్నప్పుడు నడిచింది కదండీ? నా దగ్గర ఉలుకూ పలుకూ లేదు. ఏం చేసేవారు?"

చోక్ సగమనీ, సెల్ఫ్ నెత్తిన రెండు దెబ్బలనీ, బొటనవేలి సంగతీ, తడిగుడ్డ సంగతీ అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా చిట్టాపుస్తకంలో రాసుకున్నాడు.

"ఇంకొకటండీ. ఎడమ సీట్లో ఒక మావయ్యను కూర్చోబెట్టుకోవాలి."

"ఎవరైనా పర్లేదాండీ?"

"పర్లేదు. కానీ బాగా తిట్టేవాడై ఉండాలి, రాయి వెయ్యడానికి ముందు ఆయనే దిగాలి."

ఆయన అదీ రాసుకున్నాడు.