మంచు ముందా, రైలు ముందా?

నవంబరు వస్తే మ్యూనిక్‌లో చదువుకునే కుర్రకారుకు అసైన్‌మెంట్ల కంటే ముందు ఆల్ప్స్ పర్వతాలు గుర్తొస్తాయి.

జేబులో డాయిచ్‌లాండ్ టికెట్, అంటే జర్మనీ అంతటా చెల్లే నెలవారీ పాసు, సిద్ధం. నెలకు 2023లో 49 యూరోలు, 2025లో 58, 2026లో 63. కొండ మీద మంచు కరుగుతోంది, టికెట్ ధర పేరుకుంటోంది!

రైళ్లలో అది చెల్లేది ప్రాంతీయ బండ్లలోనే. శనివారం పొద్దున స్కీయింగ్ ఊరు గార్మిష్ వెళ్లే బండిలో సీట్లు స్కీలకు, తలుపు దగ్గర చోటు మనుషులకు.

జర్మన్ రైల్వే లెక్క మరీ ముచ్చట. ఆరు నిమిషాల లోపు ఆలస్యమైతే వేళకు వచ్చినట్టే. అంత ఉదారంగా లెక్కేసినా 2024లో వేళ తప్పని దూరప్రాంత రైళ్లు 62.5 శాతమే. పూర్తిగా రద్దయిన బండి ఈ లెక్కలోకే రాదు. రానే రాని బండికి ఆలస్యమేమిటి?

ఇక మంచు సంగతి. 2,962 మీటర్ల జుగ్‌ష్పిట్జె శిఖరం కింద ఉన్న దక్షిణ ష్నీఫెర్నర్‌కు 2022లో హిమానీనదం హోదాయే ఊడింది.

అయినా వాట్సాప్ గ్రూపులో అంతా పక్కా! ఎక్కే బండి, మారే స్టేషను, అద్దె బూట్ల సైజు. గార్మిష్ వెబ్‌క్యామ్‌లో కనిపించే పచ్చగడ్డి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

సోమవారం క్లాసు తప్పితే సాకూ రెడీ: బండి లేటు. ప్రొఫెసరు కాదనలేడు. ఆయనా ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు.